అమెరికాలో ఎన్విరాన్‌మెంటల్ సైంటిస్టులకు ఏ లైసెన్సు? రాష్ట్రాల నిబంధనలు, జీతాల పోలిక

ఎన్విరాన్‌మెంటల్ సైంటిస్టుగా ఉద్యోగంలో చేరడానికి అమెరికాలో మామూలుగా ఏ లైసెన్సూ అక్కర్లేదు. డిగ్రీ ఉంటే చాలు. లైసెన్సు అడిగేది ఉద్యోగం కాదు, సంతకం. శుద్ధి ప్లాంటు డిజైన్ మీద ముద్ర వేయాలన్నా, భూగర్భజలం ఎటు పారుతోందో తేల్చిన రిపోర్టుకు బాధ్యత తీసుకోవాలన్నా, కలుషితమైన స్థలం శుభ్రమైందని ధ్రువీకరించాలన్నా రాష్ట్రం ఒక అర్హత కోరుతుంది. అయిదారేళ్ల తర్వాత జీతం పెరుగుతుందా, అక్కడే ఆగిపోతుందా అన్నది చాలావరకు ఆ సంతకం మీదే ఆధారపడి ఉంటుంది.

అందుకే "ఏ లైసెన్సుకు జీతం ఎక్కువ" అన్న ప్రశ్నతో మొదలుపెట్టకండి. మీ పని కింద ఎవరి సంతకం పడుతోంది, మీ డిగ్రీతో ఆ సంతకం దాకా వెళ్లగలరా అన్నది ముందు చూడండి. మన దగ్గర బీటెక్ గానీ బీఎస్సీ గానీ చేసి, అమెరికాలో ఎంఎస్ చదువుతున్నవాళ్లు, ఓపీటీ (చదువు తర్వాత కొంతకాలం పనిచేయడానికిచ్చే అనుమతి) మీద ఉన్నవాళ్లు, అక్కడే స్థిరపడి కొత్త దారి వెతుకుతున్నవాళ్లు దృష్టిలో ఉన్నారు కాబట్టి వీసా సంగతి కూడా పోలికలో కలిపాం.

## ముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికంటే ముందు బ్యాచిలర్స్ డిగ్రీ. ఎంఎస్ ఎక్కడ చేశారన్నది ఆ తర్వాతి మాట. లైసెన్సింగ్ బోర్డులు మొదట బ్యాచిలర్స్ స్థాయిలో చదివిన సబ్జెక్టులనే లెక్కపెడతాయి. ఇంజినీరింగ్ క్రెడిట్లు లేనివారికి ఇంజినీరు లైసెన్సు, జియాలజీ క్రెడిట్లు లేనివారికి జియాలజిస్టు లైసెన్సు దాదాపు మూసుకుపోయినట్టే.

రెండోది అనుభవం. ఎన్నేళ్లు కావాలన్నది అందరూ అడుగుతారు. ఎలాంటి అనుభవం, ఎవరి పర్యవేక్షణలో, ఏ రాష్ట్రంలో అన్నది ఎవరూ అడగరు. దరఖాస్తులు తిరస్కరణకు గురయ్యేది సరిగ్గా అక్కడే.

మూడోది, లైసెన్సు మీతో పాటు రాష్ట్రం దాటుతుందా అన్నది. వీసా మీద ఉన్నవారికి ఇది చిన్న విషయం కాదు. హెచ్-1బీ మీద లేఆఫ్ అయితే 60 రోజుల్లో కొత్త ఉద్యోగం ఎక్కడ దొరికితే అక్కడికి వెళ్లాల్సి వస్తుంది.

| దారి | ఎవరికి కుదురుతుంది | పరీక్షలు | అనుభవం | రాష్ట్రం మారితే |
|---|---|---|---|---|
| ప్రొఫెషనల్ ఇంజినీర్ (పీఈ) | సివిల్, కెమికల్, ఎన్విరాన్‌మెంటల్ బీటెక్ | ఎఫ్ఈ (మొదటి మెట్టు పరీక్ష), ఆ తర్వాత పీఈ | సాధారణంగా 4 ఏళ్లు | బాగా చెల్లుతుంది |
| ప్రొఫెషనల్ జియాలజిస్ట్ | జియాలజీ, హైడ్రోజియాలజీ | ఆస్‌బాగ్ (రాష్ట్రాల జియాలజీ బోర్డుల జాతీయ సంఘం) రెండు పరీక్షలు | సాధారణంగా 5 ఏళ్లు | పరీక్ష ఫలితం చెల్లుతుంది, కొన్ని రాష్ట్రాల్లో లైసెన్సే లేదు |
| సైట్ క్లీనప్ లైసెన్సు (న్యూజెర్సీ, మసాచుసెట్స్, కనెక్టికట్) | సైన్స్ గానీ ఇంజినీరింగ్ గానీ | రాష్ట్రం సొంత పరీక్ష | 8 ఏళ్లు | చెల్లదు |
| రిజిస్టర్డ్ ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ స్పెషలిస్ట్ | బయాలజీ, కెమిస్ట్రీ, పబ్లిక్ హెల్త్ | ఒక పరీక్ష | రాష్ట్రాన్ని బట్టి, ట్రైనీ కాలం | కొంతవరకు |
| లైసెన్సు లేకుండా | ఎకాలజీ, డేటా, పర్మిటింగ్ | లేదు | - | అడ్డు లేదు |

## పీఈ: బీటెక్ ఉంటే ముందు చూడాల్సింది ఇదే

దారి మామూలుగా ఇలా సాగుతుంది: గుర్తింపు ఉన్న ఇంజినీరింగ్ డిగ్రీ, ఎఫ్ఈ పరీక్ష, పీఈ దగ్గర నాలుగేళ్ల అనుభవం, పీఈ పరీక్ష. రెండు పరీక్షలనూ ఎన్‌సీఈఈఎస్ అనే సంస్థ కంప్యూటర్ మీద ఏడాది పొడవునా నిర్వహిస్తుంది. ఎఫ్ఈలో 110 ప్రశ్నలుంటాయి, మొత్తం అపాయింట్‌మెంట్ 6 గంటలు. పీఈ ఎన్విరాన్‌మెంటల్‌లో 80 ప్రశ్నలు. హ్యాండ్‌బుక్ తెరమీదే ఇస్తారు కాబట్టి సూత్రాలు బట్టీ పట్టనక్కర్లేదు. ఏది ఎక్కడుందో వెంటనే వెతకడం మాత్రం అలవాటు కావాలి. చాలా రాష్ట్రాలు ఇప్పుడు నాలుగేళ్లు నిండకముందే పీఈ పరీక్ష రాయనిస్తున్నాయి. లైసెన్సు చేతికొచ్చేది అనుభవం పూర్తయ్యాకే.

మనవాళ్లకు అడ్డం వచ్చేది డిగ్రీ మూల్యాంకనం. భారతీయ డిగ్రీని ఎన్‌సీఈఈఎస్ ప్రమాణంతో పోల్చి చూస్తారు: గణితం, బేసిక్ సైన్సులు కలిపి 32 సెమిస్టర్ క్రెడిట్లు, ఇంజినీరింగ్ సైన్స్, డిజైన్ కలిపి 48 క్రెడిట్లు ఉండాలి. సివిల్ బీటెక్‌కు 48 సులువుగానే వస్తాయి, తగ్గితే గణితం, సైన్సుల వైపే తగ్గుతాయి. అలాంటప్పుడు కమ్యూనిటీ కాలేజీలో ఒకట్రెండు కోర్సులు చేస్తే లోటు తీరిపోతుంది. బీఎస్సీ, ఎంఎస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ చేసినవారికి ఆ 48 రావడం కష్టం. ఎంఎస్ ఇంజినీరింగ్‌లో చేసినా పూర్తిగా పూడదు. అలాంటివారు పీఈ కోసం ఏళ్లు పోగొట్టుకోకుండా కింది దారులు చూడటం మేలు.

ఇంకో అపోహ వాషింగ్టన్ అకార్డ్ (ఇంజినీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించే ఒప్పందం) గురించి. భారత్ 2014లో అందులో పూర్తి సభ్యదేశమైంది, నిజమే. కానీ అది ఎన్‌బీఏ (భారత్‌లో సాంకేతిక కోర్సులకు గుర్తింపు ఇచ్చే బోర్డు) టైర్-1 గుర్తింపు ఉన్న ప్రోగ్రాములకే వర్తిస్తుంది. యూనివర్సిటీకి అనుబంధంగా ఉన్న మామూలు కాలేజీలకు వచ్చే టైర్-2 గుర్తింపు దాని కిందికి రాదు. టైర్-1 అయినా కొన్ని బోర్డులు మూల్యాంకనం అడుగుతూనే ఉంటాయి.

కాలిఫోర్నియా వెళ్లాలనుకునేవారికి ఒక హెచ్చరిక. అక్కడి బోర్డు ఇచ్చే పీఈ విభాగాల్లో ఎన్విరాన్‌మెంటల్ లేదు. కన్సల్టింగ్‌లో ఉన్నవాళ్లు సివిల్ పీఈ తీసుకుంటారు. దానికి జాతీయ పరీక్షతో పాటు భూకంప సూత్రాల మీద ఒకటి, సర్వేయింగ్ మీద ఒకటి అదనంగా రాయాలి. టెక్సస్‌లో పీఈ ఎన్విరాన్‌మెంటల్ పాసై కాలిఫోర్నియాకు మారినవాళ్లకు ఈ తేడా పెద్ద దెబ్బే. మరోవైపు, అక్రెడిటేషన్ లేని డిగ్రీలను కూడా కాలిఫోర్నియా లెక్కలోకి తీసుకుంటుంది, బదులుగా ఎక్కువ ఏళ్ల అనుభవం అడుగుతుంది.

## జియాలజిస్టు లైసెన్సు

నేల కింద ఏం జరుగుతోందో తేల్చే పనికి ఇది కావాలి. మానిటరింగ్ బావుల డిజైన్, కాలుష్యం వ్యాపించిన మేర గుర్తించడం, అక్విఫర్ (భూగర్భజలం ఉండే పొర) పరీక్షలు ఈ కోవలోకే వస్తాయి. ముప్పైకి పైగా రాష్ట్రాల్లో ఉంది. సాధారణంగా జియాలజీలో 30 సెమిస్టర్ క్రెడిట్లు, అయిదేళ్ల అనుభవం, ఆస్‌బాగ్ నిర్వహించే ఫండమెంటల్స్, ప్రాక్టీస్ పరీక్షలు ఉంటాయి. ఎంఎస్ ఉంటే చాలాచోట్ల ఏడాది తగ్గుతుంది.

టెక్సస్ బోర్డు జియాలజీ, జియోఫిజిక్స్, సాయిల్ సైన్స్ అని మూడు విభాగాల్లో లైసెన్సు ఇస్తుంది. మన వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో నేలశాస్త్రం చదివి వెళ్లినవారికి మూడోది ఒక మంచి తలుపు. దీని గురించి తెలిసినవారు తక్కువ. కాలిఫోర్నియా రెండు జాతీయ పరీక్షల పైన రాష్ట్ర పరీక్ష కూడా పెడుతుంది, ఆపైన హైడ్రోజియాలజిస్టు సర్టిఫికేషన్ విడిగా ఉంది. న్యూయార్క్‌లో లైసెన్సు విధానం 2016లోనే మొదలైంది. ఒహాయో, న్యూజెర్సీల్లో అసలు లేదు. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ డిగ్రీలో జియాలజీ కోర్సులు మూడో నాలుగో ఉంటే 30 క్రెడిట్లు నిండవు. ఎంఎస్ చేస్తుండగానే ఎలెక్టివ్‌లుగా హైడ్రోజియాలజీ, స్ట్రక్చరల్ జియాలజీ, సెడిమెంటాలజీ తీసుకుంటే ఆ లోటు పైసా అదనపు ఖర్చు లేకుండా పూడుతుంది. డిగ్రీ అయిపోయాక అవే కోర్సులు చేయాలంటే జేబులోంచి కట్టుకోవాలి.

## సైట్ క్లీనప్ లైసెన్సు: సైన్స్ డిగ్రీవాళ్లకు అందే పెద్ద సంతకం

పాత ఫ్యాక్టరీ స్థలాలు, లీకైన పెట్రోల్ ట్యాంకులు, డ్రై క్లీనింగ్ షాపుల కింద మిగిలిన ద్రావకాలు లాంటి వాటి శుద్ధి పర్యవేక్షణను ఈశాన్యంలో మూడు రాష్ట్రాలు చాలావరకు ప్రైవేటు నిపుణులకు అప్పగించాయి. స్థలం సురక్షితమని తేల్చే పత్రం వాళ్లే జారీచేస్తారు. ఇంజినీరింగ్ డిగ్రీ తప్పనిసరి కాదు, కెమిస్ట్రీ, బయాలజీ, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ చదివినవారూ అర్హులే. అందుకే బీటెక్ లేనివారికి ఇదే అత్యుత్తమమైన దారి అని మా అభిప్రాయం. ఓపిక మాత్రం చాలా కావాలి.

న్యూజెర్సీ. 2009 నాటి సైట్ రెమెడియేషన్ రిఫార్మ్ చట్టంతో వచ్చిన లైసెన్సును ఎల్ఎస్ఆర్‌పీ అంటారు. మొత్తం ఎనిమిదేళ్ల అనుభవం కావాలి, అందులో అయిదేళ్లు న్యూజెర్సీలోనే. దరఖాస్తుకు ముందరి అయిదేళ్లలో కనీసం 5,000 గంటలు అక్కడి సైట్ల శుద్ధికి సంబంధించిన వృత్తిపరమైన పని చేసి ఉండాలి. మాస్టర్స్ ఉంటే ఏడాది, డాక్టరేట్ ఉంటే రెండేళ్లు అనుభవంగా లెక్కేస్తారు. 40 గంటల హాజ్‌వోపర్ (ప్రమాదకర వ్యర్థాలున్న చోట భద్రత) శిక్షణ, రాష్ట్ర నిబంధనల మీద కోర్సు, పరీక్ష ఉంటాయి. మూడేళ్లకోసారి రెన్యువల్, ఆ మూడేళ్లలో 36 నిరంతర విద్యా క్రెడిట్లు. ఏటా కనీసం 10 శాతం మంది లైసెన్సుదారుల పనిని బోర్డు ఆడిట్ చేస్తుంది కాబట్టి రికార్డులు సరిగ్గా ఉండకపోతే ఇబ్బందే.

5,000 గంటలంటే ఎంత? అయిదేళ్ల మీద సర్దితే ఏడాదికి వెయ్యి. వారానికి 40 గంటల ఉద్యోగంలో దాదాపు సగం సమయం న్యూజెర్సీ సైట్ల మీదే పోవాలి. న్యూయార్క్, పెన్సిల్వేనియా ప్రాజెక్టుల మధ్య తిరిగేవారికి ఎనిమిదేళ్లు నిండినా ఈ లెక్క నిండదు. ఎడిసన్, జెర్సీ సిటీల్లో స్థిరపడిన మన కుటుంబాలకు ఇది సహజంగా సరిపోయే లైసెన్సు, ఊరు మారే ఉద్దేశం లేకపోతేనే.

మసాచుసెట్స్. ఇక్కడ ఎల్ఎస్‌పీ అంటారు. డిగ్రీ ఉన్నవారికి మొత్తం ఎనిమిదేళ్ల వృత్తి అనుభవం, అందులో అయిదేళ్లు నిర్ణయాలు తీసుకునే స్థాయి అనుభవం కావాలి. డిగ్రీ లేకపోయినా 14 ఏళ్ల అనుభవంతో వేరే మార్గం ఉంది.

కనెక్టికట్. ఎల్ఈపీ. ఎనిమిదేళ్లు, అందులో నాలుగేళ్లు బాధ్యత వహించే స్థానంలో. ఆస్తి చేతులు మారినప్పుడే శుద్ధి జరగాలన్న పాత ట్రాన్స్‌ఫర్ చట్టం స్థానంలో, కాలుష్యం బయటపడితే శుద్ధి చేయాలన్న కొత్త నిబంధనలు 2026 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఇప్పటిదాకా ఆ చట్టం పరిధిలోకి రాని స్థలాలు కూడా లెక్కలోకి వస్తాయి కాబట్టి ఈ లైసెన్సు ఉన్నవారికి పని పెరుగుతుందనే అనుకోవాలి.

మూడు చోట్లా దరఖాస్తులు కూలిపోయేది అనుభవం రాసే తీరు దగ్గరే. ఉదాహరణకు ఇలా రాస్తే లాభం లేదు:

> పెట్రోల్ బంకు సైటులో ఆరు బావుల నుంచి నీటి నమూనాలు తీశాను. రిపోర్టు తయారీలో సాయపడ్డాను.

అదే పనిని ఇలా రాయాలి, నిజంగా చేసి ఉంటేనే:

> ట్యాంకు తీసేసిన గుంట నుంచి బెంజీన్ ఎటు కదులుతోందో నీటిమట్టాల కాంటూర్ మ్యాపు గీసి నిర్ధారించాను. దిగువ వైపు హద్దు దొరకలేదని గుర్తించి ఏడో బావి స్థానం, లోతు, స్క్రీన్ ఎక్కడ ఉండాలో నిర్ణయించాను. ఫలితాలను రాష్ట్ర ప్రమాణాలతో పోల్చి, తవ్వకం ఎక్కడ ఆపాలో సిఫార్సు చేశాను. పర్యవేక్షించిన లైసెన్సుదారు ఆ సిఫార్సును ఆమోదించారు.

బోర్డు వెతికేది ఆ నిర్ణయాలనే. నమూనాలు తీయడం, డ్రిల్ రిగ్ పక్కన నిలబడి లాగ్ రాయడం టెక్నీషియన్ పని కిందికి పోతుంది. ప్రతి నెలాఖరునా ప్రాజెక్టు పేరు, సైట్ నంబరు, గంటలు, తీసుకున్న నిర్ణయం, పర్యవేక్షకుడి పేరు ఒక షీట్‌లో రాసిపెట్టుకోండి. కంపెనీ మారాక పాత టైమ్‌షీట్లు చేతికి రావు, పాత మేనేజర్ ఎక్కడున్నారో కూడా తెలియదు.

## ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ స్పెషలిస్ట్

కౌంటీ ఆరోగ్య విభాగాల్లో హోటళ్లు, ఈతకొలనులు, సెప్టిక్ ట్యాంకుల తనిఖీ పని. కాలిఫోర్నియా, న్యూజెర్సీ లాంటి చోట్ల ఆ ఉద్యోగానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కాలిఫోర్నియాలో సైన్స్ క్రెడిట్లు చూపించి, ట్రైనీగా చేసి, పరీక్ష రాయాలి. పనివేళలు స్థిరంగా ఉంటాయి, పెన్షన్ ఉంటుంది. గ్రీన్‌కార్డు చేతికొచ్చాక, ఉద్యోగ విరామం తర్వాత మళ్లీ మొదలుపెట్టాలనుకునే బయాలజీ, కెమిస్ట్రీ పట్టభద్రులకు మేము ముందు చెప్పేది ఇదే. వీసా స్పాన్సర్‌షిప్ కావాల్సినవారు మాత్రం కౌంటీ ఉద్యోగాల మీద ఆశ పెట్టుకోకపోవడం మంచిది.

## లైసెన్సు లేకుండా ఎంత దూరం?

చాలా దూరమే. చిత్తడి నేలలు, వన్యప్రాణుల సర్వేలు, గాలి పర్మిట్లు, జీఐఎస్, పర్యావరణ ప్రభావ నివేదికలు ఎక్కువ రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండానే సాగుతాయి. మినహాయింపులున్నాయి. న్యూహాంప్‌షైర్‌లో వెట్‌ల్యాండ్ సైంటిస్టుకు, నార్త్ కరొలైనాలో సాయిల్ సైంటిస్టుకు రాష్ట్రమే అర్హత ఇస్తుంది. సీహెచ్ఎంఎం (ప్రమాదకర పదార్థాల నిర్వహణ), పీడబ్ల్యూఎస్ (చిత్తడి నేలలు) లాంటివి వృత్తి సంస్థలిచ్చే సర్టిఫికేషన్లు. రెజ్యూమెకు బలమే గానీ చట్టబద్ధమైన సంతకం ఇవ్వవు.

ఇక్కడ ఒక సమాఖ్య నిబంధన తెలుసుకోవాలి. వాణిజ్య స్థలం కొనేముందు చేయించే ఫేజ్-1 పరిశీలన మీద "ఎన్విరాన్‌మెంటల్ ప్రొఫెషనల్" సంతకం కావాలి. పీఈ గానీ జియాలజిస్టు లైసెన్సు గానీ ఉంటే మూడేళ్ల సంబంధిత అనుభవం చాలు. సైన్స్ లేదా ఇంజినీరింగ్ డిగ్రీ మాత్రమే ఉంటే అయిదేళ్లు. డిగ్రీ కూడా లేకపోతే పదేళ్లు. అంటే లైసెన్సు లేని సైన్స్ పట్టభద్రుడికి కూడా దేశమంతటా చెల్లే ఒక సంతకం అయిదేళ్లలో అందుతుంది. ఊరూరా మారాల్సి వచ్చేవారికి ఇది నిజంగా విలువైన సంగతి.

ఏ దారైనా మొదటి ఉద్యోగానికి 40 గంటల హాజ్‌వోపర్ అడుగుతారు, దానికి ఏటా 8 గంటల రిఫ్రెషర్ ఉంటుంది. ఆస్బెస్టాస్ ఇన్‌స్పెక్టర్ శిక్షణ మూడు రోజులే. ఇవి చేతిలో ఉంటే చిన్న కన్సల్టింగ్ కంపెనీలు ఫ్రెషర్‌ను కూడా వెంటనే సైటుకు పంపగలవు.

## జీతాలు, ముందున్న కాలం

అమెరికా కార్మిక గణాంకాల సంస్థ 2024 మే లెక్కల ప్రకారం వార్షిక మధ్యస్థ జీతాలు ఇవి:

| వృత్తి | డాలర్లు |
|---|---|
| ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ టెక్నీషియన్ | 49,490 |
| ఎన్విరాన్‌మెంటల్ సైంటిస్ట్ | 80,060 |
| హైడ్రాలజిస్ట్ | 92,060 |
| జియోసైంటిస్ట్ | 99,240 |
| ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీర్ | 1,04,170 |

పట్టికలో మొదటి రెండు వరుసల మధ్య 30 వేల తేడా గమనించండి. ఎంఎస్ చేసి కూడా మొదటి రెండేళ్లు టెక్నీషియన్ పనిలో, ఇంచుమించు ఆ స్థాయి జీతంలో ఉండిపోయేవాళ్లు ఉన్నారు. ఇంటర్వ్యూలోనే అడగండి: మొదటి ఏడాది ఫీల్డు ఎంత, ఆఫీసులో విశ్లేషణ ఎంత? ఓవర్‌టైమ్ ఇస్తారా? పరీక్ష ఫీజులు, లైసెన్సు రెన్యువల్ కంపెనీ కడుతుందా? నన్ను పర్యవేక్షించేవారికి లైసెన్సు ఉందా? చివరి ప్రశ్నకు "లేదు" అని వస్తే, అక్కడ గడిపే ఏళ్లు మీ దరఖాస్తులో లెక్కకు రాకపోవచ్చు. అయిదు వేల డాలర్లు తక్కువైనా లైసెన్సుదారు కింద పనిచేసే ఉద్యోగమే మంచిది.

లైసెన్సుతో జీతం పెరగడానికి కారణం సూటిగానే ఉంటుంది. కన్సల్టింగ్ కంపెనీ క్లయింట్‌కు గంటల లెక్కన బిల్లు వేస్తుంది. సంతకం చేయగలిగినవారి గంటకు రేటు ఎక్కువ. వారు లేకపోతే కొన్ని ప్రాజెక్టులకు బిడ్ వేయడమే కుదరదు.

సమాఖ్య ప్రభుత్వంలో సైంటిస్టుల మధ్యస్థ జీతం లక్ష డాలర్లు దాటుతుంది. కానీ ఆ ఉద్యోగాలు దాదాపుగా పౌరులకే, పైగా 2025లో పర్యావరణ పరిరక్షణ సంస్థ సిబ్బందిని బాగా తగ్గించి, తన పరిశోధన విభాగాన్నే ఎత్తేస్తున్నట్టు ఆ జూలైలో ప్రకటించింది. కాలిఫోర్నియా రాష్ట్ర ఉద్యోగాలకు లైసెన్సు అక్కర్లేదు, రాష్ట్ర పరీక్ష చాలు. అయితే పక్క సీట్లోని ఇంజినీర్లతో పోలిస్తే తమకు జీతం చాలా తక్కువని అక్కడి సైంటిస్టులు 2023 నవంబరులో సమ్మె చేశారు. టెక్సస్, ఫ్లోరిడా, వాషింగ్టన్, నెవాడాల్లో జీతం మీద రాష్ట్ర ఆదాయపన్ను లేదు కాబట్టి ఆఫర్లను పోల్చేటప్పుడు చేతికొచ్చే మొత్తాన్నే చూడండి.

2024 నుంచి 2034 వరకు సైంటిస్టు ఉద్యోగాలు 4 శాతం పెరుగుతాయని అదే సంస్థ అంచనా. ఏటా వచ్చే ఖాళీల్లో ఎక్కువ భాగం రిటైరయ్యేవారి, వేరే వృత్తికి మారేవారి స్థానాలే. వాటిలో లైసెన్సున్న సీనియర్ల కుర్చీలూ ఉంటాయి. కొత్త పని ఎక్కువగా పీఫాస్ (ప్రకృతిలో సులువుగా విచ్ఛిన్నం కాని ఫ్లోరిన్ రసాయనాలు) వైపు నుంచి వస్తోంది. వాటిలో పీఎఫ్ఓఏ, పీఎఫ్ఓఎస్ అనే రెండింటికి తాగునీటిలో 2024 ఏప్రిల్‌లో లీటరుకు 4 నానోగ్రాముల పరిమితి పెట్టారు. ఆ స్థాయిలో నమూనా తీయాలంటే ఫీల్డు సిబ్బంది వేసుకునే వాటర్‌ప్రూఫ్ జాకెట్ నుంచి కూడా నమూనాకు కాలుష్యం అంటుకునే ప్రమాదం ఉంది. ఈ పద్ధతులు బాగా తెలిసినవారికి గిరాకీ ఉంది.

## మీ పరిస్థితికి ఏది?

సివిల్ లేదా కెమికల్ బీటెక్, ఇప్పుడు ఎంఎస్. చదువు అయిపోయేలోగా ఎఫ్ఈ రాసేయండి. పుస్తకాలు చేతిలో ఉన్నప్పుడు రెండు మూడు నెలల సన్నద్ధత సరిపోతుంది, ఉద్యోగంలో పడ్డాక అదే ఏడాది పడుతుంది.

ఓపీటీ మీద ఉన్నవారు. స్టెమ్ (సైన్స్, ఇంజినీరింగ్ డిగ్రీలకిచ్చే) పొడిగింపుతో కలిపి మీకున్నది 36 నెలలు. పీఈకి నాలుగేళ్లు, ఎల్ఎస్ఆర్‌పీకి ఎనిమిదేళ్లు. అంటే ఓపీటీలో లైసెన్సు పూర్తికాదు, రాష్ట్రం దాటినా చెల్లే మొదటి పరీక్షలు పూర్తిచేయడమే లక్ష్యం. పొడిగింపు కావాలంటే కంపెనీ ఈ-వెరిఫై (ఉద్యోగుల పని అర్హతను తనిఖీ చేసే ప్రభుత్వ వ్యవస్థ)లో ఉండాలి. చిన్న కన్సల్టింగ్ కంపెనీలు చాలా అందులో ఉండవు, ఆఫర్ ఒప్పుకునే ముందే అడగండి. 2025 సెప్టెంబరులో దేశం బయటున్నవారి కొత్త హెచ్-1బీ దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము వచ్చాక, ఇండియా తిరిగొచ్చి మళ్లీ ప్రయత్నిద్దామన్న ఆలోచన బాగా ఖరీదైపోయింది. యూనివర్సిటీ పరిశోధన ఉద్యోగాలకు హెచ్-1బీ లాటరీ పరిమితి వర్తించదు, కానీ అక్కడి అనుభవాన్ని సైట్ క్లీనప్ బోర్డులు పెద్దగా లెక్కపెట్టవు.

బీఎస్సీ, ఎంఎస్సీ నేపథ్యం, గ్రీన్‌కార్డు ఉంది. ఈశాన్యంలో ఉంటే క్లీనప్ లైసెన్సు, లేకపోతే ఫేజ్-1 సంతకం లక్ష్యంగా అయిదేళ్ల ప్రణాళిక. స్థిరమైన పనివేళలే ముఖ్యమైతే హెల్త్ స్పెషలిస్ట్.

ఇంకా ఇండియాలోనే ఉన్నవారు. ఎన్‌సీఈఈఎస్ మూల్యాంకనానికి ట్రాన్స్‌క్రిప్టులు యూనివర్సిటీ నుంచే నేరుగా వెళ్లాలి. అమెరికా వెళ్లాక ఎగ్జామినేషన్ బ్రాంచి చుట్టూ తిరగడానికి ఇంట్లోవాళ్లను పంపాల్సి వస్తుంది, నెలలు గడిచిపోతాయి. విమానం ఎక్కేలోపు రెండు మూడు అదనపు సీల్డ్ కవర్లు, మీ బ్యాచ్ నాటి సిలబస్ పుస్తకం పూర్తి కాపీ, ప్రతి సబ్జెక్టుకు వారానికి ఎన్ని గంటలో చూపించే పేజీలతో సహా తీసుకుని స్కాన్ చేసి పెట్టుకోండి. నేరుగా పంపే పద్ధతి ఏమిటో, ఫీజు ఎంతో అప్పుడే ఆ బ్రాంచిలో కనుక్కుని రాసుకోండి.